ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌లు ఏ దారిలో అందుకోవాలి? జిల్లా స్థాయి నెట్‌వర్క్‌లకి ఒక సమీక్ష

శ్రీకాకుళంలో కంట్రోల్ రూం పెట్టుకుని నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట దాకా ఫైబర్ లాక్కెళ్ళిన ఇంటర్నెట్ వాళ్ళు కావచ్చు, విజయనగరం, రాజాం కాలేజీల్లో స్విచ్‌లు చూసుకునేవాళ్ళు కావచ్చు, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో ఐటీ గది నడిపేవాళ్ళు కావచ్చు. మానిటరింగ్‌కి జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాక అందరూ ఒక ప్రశ్న దగ్గర ఆగుతారు: ట్రాప్‌లు ఏ దారిలో అందుకోవాలి? ఎస్ఎన్ఎంపీ అంటే రౌటర్లు, స్విచ్‌ల లాంటి పెట్టెల స్థితి తెలుసుకునే పద్ధతి. జాబిక్స్ వాటిని అడిగి తెలుసుకోవడం పోలింగ్, ఏదైనా జరిగినప్పుడు పెట్టె తనంతట తను పంపే సందేశం ట్రాప్. పోలింగ్ సంగతి జాబిక్స్ తనే చూసుకుంటుంది. ట్రాప్‌ల విషయంలో అలా కాదు. 162 యూడీపీ పోర్టు మీద జాబిక్స్ సర్వర్ నేరుగా వినదు. ఆ పని నెట్-ఎస్ఎన్ఎంపీ అనే సాఫ్ట్‌వేర్‌లోని ట్రాప్‌డీ అనే ప్రోగ్రాం చేస్తుంది. దాని చేతిలోంచి ట్రాప్‌ని తీసుకుని ఒక ఫైల్లో రాసేందుకు మధ్యలో ఇంకొకటి కావాలి. జాబిక్స్ ఆ ఫైలు చదువుకుంటుంది. ఆ మధ్యలో ఏది పెట్టాలన్నదే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. రెండు మూడు వందల పెట్టెల వరకు ఉన్న నెట్‌వర్క్‌కి, పెట్టెలన్నీ మన మేనేజ్‌మెంట్ వీలాన్‌లోనే (పెట్టెల నిర్వహణకి విడిగా పెట్టుకున్న నెట్‌వర్క్ భాగం) ఉంటే, జాబిక్స్‌తో వచ్చే, పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన రిసీవర్ చాలు. రకరకాల కంపెనీల సామాను ఉండి, ట్రాప్‌లని మనిషి చదివే వాక్యాలుగా మార్చి రాత్రి డ్యూటీవాళ్ళకి పంపాలంటే ఎస్ఎన్ఎంపీటీటీ (కింద టీటీ అంటాం) అనే ప్రోగ్రాం. మిగతావి ప్రత్యేక అవసరం ఉంటేనే. "ఏది పెట్టినా ట్రాప్ వస్తుందిగా" అన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. రావడం వరకు నిజమే. ఏ పెట్టె నుంచి వచ్చిందో సరిగ్గా తెలియడం, ఎవరూ గుర్తుపట్టని ట్రాప్ ఏమవుతుందన్నది, కరెంటు పోయి ఒకేసారి వందల్లో వచ్చిపడితే తట్టుకోవడం, ఈ మూడూ పద్ధతిని బట్టి మారిపోతాయి. మేం చూసింది ఈ మూడే.

అన్నిటికీ ముందు ట్రాప్‌డీ

ఏ దారి ఎంచుకున్నా మొదటి మెట్టు ఒకటే. నెట్-ఎస్ఎన్ఎంపీ 5.3 నుంచి ట్రాప్‌డీ అనుమతి ఇవ్వనిదే ఏ ట్రాప్‌నీ ముట్టుకోదు. కాన్ఫిగ్ ఫైల్లో కమ్యూనిటీ (ట్రాప్‌తో పాటు వచ్చే పాస్‌వర్డ్ లాంటి పేరు) అనుమతి లైను లేకపోతే వచ్చిన ట్రాప్‌ని వచ్చినట్టే పారేస్తుంది. ఆ లైన్లో లాగ్, ఎగ్జిక్యూట్, నెట్ అని మూడు రకాల అనుమతులుంటాయి. చాలామంది లాగ్ ఒక్కటే ఇచ్చి వదిలేస్తారు. అప్పుడు సిస్టమ్ లాగ్‌లో ట్రాప్ చక్కగా కనిపిస్తుంది, జాబిక్స్‌కి మాత్రం ఒక్కటీ చేరదు. ట్రాప్‌ని బయటి ప్రోగ్రాంకి గానీ పెర్ల్‌కి గానీ అప్పగించాలంటే ఎగ్జిక్యూట్ అనుమతి ఉండి తీరాలి. దీని బదులు అనుమతుల తనిఖీనే ఎత్తేసే ఆప్షన్ ఒకటుంది. దాని జోలికి వెళ్ళొద్దు. పరీక్ష కోసమని పెట్టినది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

రెండో చిక్కు మిబ్ ఫైళ్ళది, అంటే ఓఐడీ అనే అంకెల గుర్తింపులకి పేర్లు చెప్పే ఫైళ్ళది. డెబియన్, ఉబుంటుల్లో లైసెన్సు కారణంగా ప్రామాణిక మిబ్‌లు మామూలు ప్యాకేజీతో రావు. డౌన్‌లోడర్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, ఎస్ఎన్ఎంపీ కాన్ఫిగ్‌లో మిబ్‌లని ఆపే లైనుని కామెంట్ చేయాలి. మిబ్‌లు లేని సర్వర్లో లింక్‌డౌన్ (లింకు పడిపోయింది) ట్రాప్ ఓఐడీ 1.3.6.1.6.3.1.1.5.3 అని రాదు. మొదటి అంకె స్థానంలో "ఐఎస్ఓ" అన్న అక్షరాలు కూర్చుని, తర్వాత 3.6.1 అంటూ నడుస్తుంది. మిబ్‌లు వేస్తే అదే ట్రాప్ లింక్‌డౌన్ అనే పేరుతో వస్తుంది. అంటే ఒకే సంఘటన సర్వర్ని బట్టి వేర్వేరు వేషాల్లో రావచ్చు. జాబిక్స్ ఐటెంలో (ఒక్కో రకం విలువని పట్టే అమరిక) రెగెక్స్ (వెతికే అక్షరాల నమూనా) రాసేటప్పుడు 1.3.6.1 నుంచి మొదలుపెడితే మిబ్‌లు లేని చోట అది ఎన్నటికీ కలవదు. 6.3.1.1.5.3 అన్న తోక భాగాన్నీ, లింక్‌డౌన్ అన్న పేరునీ "లేదా" గుర్తుతో కలిపి రాయండి. చుక్కలకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. చివర్లో ఇంకో అంకె గానీ చుక్క గానీ రాకూడదన్న షరతు కూడా పెట్టండి, లేకపోతే 5.30 అయినా పట్టేసుకుంటుంది. ఇలా రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఎవరో మిబ్‌లు వేసినా అలర్ట్‌లు ఆగిపోవు.

పెర్ల్ రిసీవర్

ఇది ట్రాప్‌డీ లోపలే నడుస్తుంది. ట్రాప్‌డీ కాన్ఫిగ్‌లో పెర్ల్ స్క్రిప్టుని పిలిచే లైను ఒక్కటి చేరుస్తారు. అది ట్రాప్‌డీ మొదలైనప్పుడే మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. ఒక్కో ట్రాప్‌కీ కొత్త ప్రాసెస్ పుట్టదు. అందుకే ఒత్తిడి వచ్చినప్పుడు ఇది నిలబడుతుంది. రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్‌లలో నెట్-ఎస్ఎన్ఎంపీ పెర్ల్ ప్యాకేజీ, ఉబుంటులో ఎస్ఎన్ఎంపీ పెర్ల్ లైబ్రరీ విడిగా వేయాలి. జాబిక్స్ సర్వర్ కాన్ఫిగ్‌లో ఎస్ఎన్ఎంపీ ట్రాపర్‌ని 1 చేయాలి (దీనికి 0, 1 తప్ప వేరే విలువ లేదు, ఒకే ప్రాసెస్ నడుస్తుంది). ట్రాపర్ ఫైలు దారి అక్కడా, స్క్రిప్టులోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

ఆ ఫైలు విషయంలోనే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. స్క్రిప్టులో ముందే ఇచ్చిన చోటు టెంప్ ఫోల్డర్. సిస్టమ్‌డీలో ప్రైవేట్ టెంప్ ఆన్ అయి ఉంటే ట్రాప్‌డీకి కనిపించే టెంప్ ఒకటి, జాబిక్స్‌కి కనిపించే టెంప్ ఇంకొకటి. ఇటు రాస్తూనే ఉంటుంది, అటు ఫైలే లేదంటుంది. టెంప్‌లో పెట్టకుండా వార్ కింద ఒక ఫోల్డర్ చేసి, జాబిక్స్ యూజర్‌కి చదివే అనుమతి ఇచ్చి, రెండు చోట్లా ఆ దారి రాసేయండి. రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లో ఎస్ఈలినక్స్ ట్రాప్‌డీని కొత్త చోట రాయనివ్వకపోవచ్చు. ఆడిట్ లాగ్ చూసి ఆ ఫోల్డర్‌కి సరైన లేబుల్ ఇవ్వండి. ఎస్ఈలినక్స్‌ని మొత్తానికే ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు.

ఫైల్లో పడే ట్రాప్ రూపం ఒకసారి దగ్గరగా చూడండి. మొదటి లైన్లో తేదీ, సమయం, ఆ వెంటనే జెడ్‌బీఎక్స్‌ట్రాప్ అన్న గుర్తు, దాని పక్కన పంపిన పెట్టె ఐపీ. 7.0 వెర్షన్ నుంచి ఆ తేదీ ఐఎస్ఓ 8601 రూపంలో ఉండాలి. పాత స్క్రిప్టుని అలాగే ఉంచి సర్వర్ మాత్రం అప్‌గ్రేడ్ చేసినవాళ్ళు ఇది సరిచూసుకోవాలి. కింద పీడీయూ (ట్రాప్ ప్యాకెట్) వివరాలు: ఎస్ఎన్ఎంపీ వెర్షన్ (0 అని ఉంటే వీ1, 1 అని ఉంటే వీ2సీ), ఏ ఐపీ నుంచి ఏ పోర్టు మీద వచ్చింది, కమ్యూనిటీ. ఆ కింద వార్‌బైండ్‌లు (ఓఐడీ, విలువల జతలు): సిస్‌అప్‌టైం (పెట్టె లేచి ఎంతసేపైంది), ట్రాప్ ఓఐడీ, ఆపైన ఆ ట్రాప్ మోసుకొచ్చిన విలువలు. లింక్‌డౌన్ అయితే ఇంటర్ఫేస్ నంబరు, అడ్మిన్ స్థితి, ఆపరేషనల్ స్థితి వస్తాయి. అడ్మిన్ స్థితి 2 అని ఉంటే ఎవరో చేత్తో ఆ పోర్టు ఆపారు. 1 అని ఉండి ఆపరేషనల్ 2 అయితే వైరో, ఎస్ఎఫ్‌పీయో (ఫైబర్ తగిలించే మాడ్యూల్), అవతలి పెట్టో పోయింది. అర్ధరాత్రి మనిషిని టెక్కలి పంపాలా వద్దా అన్నది ఈ ఒక్క అంకె చెబుతుంది. ఇన్ని వివరాలు కోత లేకుండా ఫైల్లోకి రావడమే పెర్ల్ రిసీవర్లో మాకు బాగా నచ్చింది.

కమ్యూనిటీ పేరు కూడా ఆ ఫైల్లోకీ, అక్కడి నుంచి జాబిక్స్ హిస్టరీలోకీ మామూలు అక్షరాల్లో వచ్చేస్తుందన్నది గుర్తుంచుకోవాలి. జాబిక్స్ చూసే ప్రతి యూజర్‌కీ అది కనిపిస్తుంది. ట్రాప్‌లకి వాడే కమ్యూనిటీ, పెట్టెల్లో రైట్ అనుమతి ఉన్న కమ్యూనిటీ ఎప్పుడూ ఒకటి కాకూడదు.

ఇక అసలు విషయం, ఐపీ. పెర్ల్ రిసీవర్ ఎప్పుడూ ప్యాకెట్ ఏ ఐపీ నుంచి వచ్చిందో దాన్నే రాస్తుంది. ట్రాప్ లోపల ఏం రాసుందో పట్టించుకోదు. జాబిక్స్ ఆ ఐపీని హోస్ట్ (జాబిక్స్‌లో నమోదు చేసిన పెట్టె) ఎస్ఎన్ఎంపీ ఇంటర్ఫేస్‌లో ఉన్న ఐపీతో పోల్చి, కలిస్తేనే ఆ హోస్ట్‌కి ఇస్తుంది. పలాస రౌటర్‌కి టెక్కలి వైపు ఒక లింకు, ఇంకో వైపు నుంచి రింగ్ మూసే లింకు ఉన్నాయనుకోండి. మామూలు రోజుల్లో ట్రాప్ టెక్కలి వైపు ఇంటర్ఫేస్ ఐపీతో బయల్దేరుతుంది. ఆ ఫైబర్ తెగిన రోజు రెండో దారిలో, వేరే ఐపీతో వస్తుంది. జాబిక్స్‌కి ఆ ఐపీ ఎవరిదో తెలియదు. అవసరమైన రోజే అలర్ట్ రాదు. దీని మందు రిసీవర్లో లేదు, పెట్టెల్లో ఉంది. సిస్కోలో ట్రాప్ సోర్స్ లూప్‌బ్యాక్ అని ఒక లైను (లూప్‌బ్యాక్ అంటే ఏ లింకు తెగినా మారని, పెట్టె లోపలి ఐపీ). మైక్రోటిక్‌లో ఎస్ఎన్ఎంపీ సెట్టింగ్స్‌లో సోర్స్ అడ్రస్ నింపాలి. మైక్రోటిక్‌లోనే ట్రాప్ వెర్షన్ 1గా ఉంటుంది, దాన్ని 2 చేయాలి. ట్రాప్ జనరేటర్లలో ఇంటర్ఫేసెస్ చేర్చి, ఏ ఇంటర్ఫేస్‌ల మీద కావాలో ఎంచుకోవాలి. జాబిక్స్ హోస్ట్‌లో కూడా లూప్‌బ్యాక్ ఐపీనే ఇవ్వాలి.

గుర్తుపట్టని ట్రాప్‌ల విషయంలోనూ ఇదే మేలు. ప్రతి హోస్ట్‌కీ ఒక ఫాల్‌బ్యాక్ ఐటెం పెట్టండి. మిగతా ఐటెంలు ఏవీ పట్టని ట్రాప్‌లు అందులో పడతాయి. హోస్టే తెలియని ఐపీ అయితే సర్వర్ లాగ్‌లో అన్‌మ్యాచ్డ్ ట్రాప్ అని వస్తుంది, అది రావాలంటే జనరల్ సెట్టింగ్స్‌లో ఆ టిక్ ఉండాలి. కొత్తగా వేసిన మొదటి నెల రోజూ ఆ లాగ్ చూడడం అలవాటు చేసుకుంటే, ఏ పెట్టె తప్పుడు ఐపీతో పంపుతోందో మొత్తం బయటపడుతుంది.

ఎస్ఎన్ఎంపీటీటీ

ఇది కూడా పెర్ల్‌లో రాసినదే, కానీ దాని తీరు వేరు. ప్రతి ట్రాప్ ఓఐడీకీ ఒక ఈవెంట్ లైను, దాని కింద ఫార్మాట్ లైను రాసుకుంటారు. కంపెనీ ఇచ్చిన మిబ్ ఫైలుని దీనితోపాటు వచ్చే కన్వర్టర్‌కి ఇస్తే ఆ లైన్లు తనే తయారుచేస్తుంది. ఆ ఫార్మాట్ లైన్ల మొదట్లో జెడ్‌బీఎక్స్‌ట్రాప్, ఐపీ వేరియబుల్ చేర్చాలి. కన్వర్టర్ అది చేయదు, సెడ్ కమాండ్‌తో ఒక దెబ్బలో చేయొచ్చు. ఫలితం బాగుంటుంది. "12వ పోర్టు లింకు పడిపోయింది" అని సూటిగా ఒక్క లైను వస్తుంది. ఈ వాక్యం తెలుగులో రాసుకోవాలనే ఆశ సహజం. పాత పెర్ల్ మాడ్యూళ్ళతో యూనికోడ్ చెడకుండా వస్తుందో లేదో ముందు పరీక్షించుకోండి.

దీన్ని రెండు రకాలుగా నడపొచ్చు. స్టాండలోన్ రకంలో ప్రతి ట్రాప్‌కీ పెర్ల్ మొత్తం మొదలై, కాన్ఫిగ్ అంతా మళ్ళీ చదివి, పని చేసి ఆగుతుంది. ఇది వాడొద్దు. డీమన్ (వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం) రకంలో చిన్న హ్యాండ్లర్ ట్రాప్‌ని స్పూల్ ఫోల్డర్లో ఒక ఫైలుగా పడేస్తుంది. డీమన్ 5 సెకన్లకోసారి ఆ ఫోల్డర్ చూసి, ఉన్నవన్నీ తీసుకుంటుంది. 5 సెకన్ల ఆలస్యం మన పనికి ఏమీ అడ్డు కాదు. పైగా డీమన్ ఏ కారణంగానైనా ఆగిపోతే ట్రాప్‌లు స్పూల్‌లోనే ఉండి, మళ్ళీ లేచాక అందుతాయి. పెర్ల్ రిసీవర్లో ఇలా మధ్యలో దాచిపెట్టే చోటు లేదు. ఇది టీటీకి నిజమైన మార్కు. హ్యాండ్లర్‌ని కూడా ట్రాప్‌డీలో ఇమిడిపోయే రకమే వాడండి.

మార్కులు పోయేది రెండు చోట్ల. ఒకటి, ఈవెంట్ లైను రాయని ట్రాప్ జాబిక్స్ దాకా రాదు. టీటీ తన అన్‌నోన్ లాగ్‌లో రాసుకుంటుంది, అదీ ఆ ఆప్షన్ ఆన్ చేసి ఉంటేనే. మన దగ్గర ఎక్కువగా కనిపించే తక్కువ ధర ఓఎల్‌టీలకి (ఇళ్ళ ఫైబర్ లింకులన్నీ కలిసే పెట్టెలు) మిబ్ ఫైలు సంపాదించడమే కష్టం. ఆ పెట్టెల ట్రాప్‌లన్నీ ఆ లాగ్‌లోనే మిగిలిపోతాయి. చుక్క, నక్షత్రం గుర్తుతో అన్నిటినీ పట్టే ఈవెంట్ ఒకటి చివర్లో పెట్టి, అన్ని వార్‌బైండ్‌లూ అందులో వచ్చేలా ఫార్మాట్ రాస్తే ఈ లోటు తీరుతుంది. అది లేని టీటీ కాన్ఫిగ్‌ని పూర్తయినట్టు లెక్క వేయకండి.

రెండోది మళ్ళీ ఐపీ. జాబిక్స్‌తో వాడే ఉదాహరణల్లో ఉండే వేరియబుల్ ట్రాప్ లోపలి ఏజెంట్ అడ్రస్‌ని తీసుకుంటుంది, ప్యాకెట్ ఐపీని కాదు. వీ1 ట్రాప్‌లో ఏజెంట్ అడ్రస్ అని ఒక గడి ఉంటుంది. వేరే కంపెనీ లింకు మీద, నాట్ (ప్యాకెట్ ఐపీని మార్చే ఏర్పాటు) వెనకాల ఉన్న బ్రాంచి నుంచి ట్రాప్ వస్తే ఈ గడిలో అసలు ప్రైవేట్ ఐపీ చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పుడు టీటీ గెలుస్తుంది, పెర్ల్ రిసీవర్ నాట్ ఐపీ చూసి తికమకపడుతుంది. కానీ కొన్ని పెట్టెలు ఆ గడిలో 0.0.0.0 పెట్టి పంపుతాయి, అవి ఏ హోస్ట్‌కీ కలవవు. ఇంకా చెడ్డది, ఓఎల్‌టీలన్నీ ఫ్యాక్టరీ ఐపీతోనే నడుస్తున్న నెట్‌వర్క్‌లో రాజాం పెట్టె, చీపురుపల్లి పెట్టె రెండూ ఒకే ఐపీతోనే మాట్లాడతాయి. జాబిక్స్ రెండు ట్రాప్‌లనీ ఒకే హోస్ట్‌కి అంటగడుతుంది. ప్యాకెట్ ఐపీ ఇచ్చే వేరియబుల్ కూడా టీటీలో ఉంది. మీ నెట్‌వర్క్‌లో నాట్ ఎక్కడుందో గీసుకుని, ఏది వాడాలో ఆ తర్వాత తేల్చుకోండి.

మిగతా దారులు

షెల్ స్క్రిప్టు హ్యాండ్లర్: ట్రాప్‌డీ ఇచ్చే మొదటి లైను హోస్ట్ పేరు, రెండో లైను ఐపీ, పోర్టు, ఆపైన ఓఐడీ విలువల జతలు. ఇరవై లైన్ల స్క్రిప్టుతో పనవుతుంది. పెర్ల్ ప్యాకేజీలు వేయలేని చిన్న పెట్టె మీద పర్వాలేదు. ఒక్కో ట్రాప్‌కీ ఒక ప్రాసెస్ కాబట్టి ఓఎల్‌టీలున్న చోట వద్దు.

లిబ్రెఎన్ఎంఎస్ వాడేవాళ్ళకి ఎంపికే లేదు, దాని పీహెచ్‌పీ హ్యాండ్లర్‌నే ట్రాప్‌డీకి తగిలించాలి. అదీ ట్రాప్‌కొక ప్రాసెస్సే, షెల్ కంటే బరువైనది. మిబ్ ఫోల్డర్ దారి ట్రాప్‌డీ సర్వీసులో సరిగ్గా ఇవ్వకపోతే ట్రాప్ పేర్లు కలవక ఏదీ గుర్తించదు. టెలిగ్రాఫ్‌లో ట్రాప్ ఇన్‌పుట్ ఉంది. ఇన్‌ఫ్లక్స్, గ్రాఫానా ఇప్పటికే నడుస్తున్న చోట ట్రాప్‌లు దాచుకోవడానికి బాగుంటుంది, హోస్ట్‌తో జతపరచి అలర్ట్ మూసే తెలివి మాత్రం మనమే కట్టుకోవాలి. ప్రొమీథియస్ వారి ఎస్ఎన్ఎంపీ ఎక్స్‌పోర్టర్ ట్రాప్‌లు అసలు అందుకోదు, అది పోలింగ్‌కే. విండోస్ మీద పీఆర్‌టీజీ పెట్టేవాళ్ళు విండోస్ సొంత ఎస్ఎన్ఎంపీ ట్రాప్ సర్వీసుని ఆపాలి, లేదంటే 162 పోర్టు అదే పట్టుకుని కూర్చుంటుంది.

జాబిక్స్‌ని డాకర్లో పెట్టేవాళ్ళకి ట్రాప్‌ల కోసం విడిగా ఒక ఇమేజ్ ఉంది. అది లోపల 1162 మీద వింటుంది, బయట 162కి కలపాలి. కొన్ని సెటప్‌లలో డాకర్ బ్రిడ్జి దాటేటప్పటికి పంపినవారి ఐపీ పోయి 172.17.0.1 లాంటి గేట్‌వే ఐపీ మిగులుతుంది. అన్ని ట్రాప్‌లూ ఒకే ఐపీ నుంచి వస్తున్నట్టు కనిపిస్తే కారణం ఇదే. ఆ కంటెయినర్‌ని హోస్ట్ నెట్‌వర్క్ మోడ్‌లో నడపండి.

కరెంటు పోయినప్పుడు

ట్రాప్ రిసీవర్‌కి అసలు పరీక్ష ఇక్కడే. 8 పాన్ (ఇళ్ళ వైపు వెళ్ళే ఫైబర్) పోర్టుల ఓఎల్‌టీ, పోర్టుకి 64 ఓఎన్‌యూలు (ఇంటింటా ఉండే ఫైబర్ పెట్టెలు) అంటే ఒక్క పెట్టె కింద 512 ఇళ్ళు. ఒక ఫీడర్ పడిపోతే ఆ ఊరి ఓఎన్‌యూలన్నీ ఆఖరి శ్వాస సందేశం పంపి ఆగిపోతాయి, ఓఎల్‌టీ వాటన్నిటికీ ట్రాప్‌లు పంపుతుంది. ఇదంతా కొద్ది సెకన్లలో జరుగుతుంది. లినక్స్‌లో సాకెట్ రిసీవ్ బఫర్ మామూలుగా 212992 బైట్లు. రిసీవర్ నెమ్మదిగా తీసుకుంటే అది నిండి మిగతా ప్యాకెట్లు నిశ్శబ్దంగా పోతాయి. నెట్‌స్టాట్ యూడీపీ లెక్కల్లో రిసీవ్ బఫర్ ఎర్రర్లు పెరుగుతున్నాయేమో చూడండి. పెరుగుతుంటే కర్నెల్లో గరిష్ఠ పరిమితి పెంచి, ట్రాప్‌డీ కాన్ఫిగ్‌లో రిసీవ్ బఫర్ పెంచండి. అంతకంటే మేలైన పని, ఇళ్ళ ఓఎన్‌యూల ట్రాప్‌లని ఓఎల్‌టీ దగ్గరే ఆపేసి పాన్ పోర్టు, అప్‌లింకు ట్రాప్‌లు మాత్రమే పంపించడం. సిస్కో యాక్సెస్ స్విచ్‌ల్లో కూడా డెస్క్‌టాప్‌లు తగిలించిన పోర్టుల మీద లింక్ స్టేటస్ ట్రాప్ తీసేయండి. కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రం సిస్టమ్‌లన్నీ ఆపినప్పుడు వచ్చే 60 లింక్‌డౌన్‌లు ఎవరికీ పనికిరావు.

యూపీఎస్‌ల సంగతి విడిగా చెప్పాలి. 1994లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1628 ప్రకారం నడిచే యూపీఎస్ కార్డు బ్యాటరీ మీదకి వెళ్ళగానే 1.3.6.1.2.1.33.2.1 ట్రాప్ పంపుతుంది. పంపి ఊరుకోదు, బ్యాటరీ మీద ఉన్నంతసేపూ నిమిషానికోసారి పంపుతూనే ఉంటుంది. నాలుగు గంటల కోతకి ఒక్క యూపీఎస్ 240 ట్రాప్‌లు. ముప్ఫై చోట్ల యూపీఎస్‌లుంటే 7200. ఈ ట్రాప్‌కి పెట్టే ట్రిగ్గర్‌లో (అలర్ట్ నియమం) ప్రాబ్లం ఈవెంట్ జనరేషన్ సింగిల్ అని ఉండాలి, మల్టిపుల్ పెడితే ఫోన్లు ఆగకుండా మోగుతాయి. ఇంకో ఇబ్బంది, కరెంటు తిరిగి వచ్చిందని నేరుగా చెప్పే ట్రాప్ ఈ మిబ్‌లో లేదు. అందుకే మొదలు ట్రాప్‌తో, ముగింపు పోలింగ్‌తో పెట్టండి: అవుట్‌పుట్ సోర్స్ ఓఐడీ 1.3.6.1.2.1.33.1.4.1.0 ని నిమిషానికోసారి అడగాలి, విలువ 3 వస్తే మామూలు కరెంటు, 5 అయితే బ్యాటరీ. ఏపీసీ కార్డులు తమ సొంత మిబ్‌తో పంపితే పని తేలిక. బ్యాటరీ మీదకి వెళ్తే 1.3.6.1.4.1.318.0.5, కరెంటు వస్తే చివరి అంకె 9. ఆ మధ్యలో ఉన్న సున్నా వీ1 ట్రాప్‌ని వీ2 రూపంలోకి మార్చేటప్పుడు చేరేది, రెగెక్స్‌లో దాన్ని మర్చిపోతే కలవదు.

లింక్ ట్రాప్‌లకి లెక్క తిరగబడుతుంది. అక్కడ మల్టిపుల్ కావాలి, కానీ ఒక్క షరతు మీద. లింక్‌డౌన్, లింక్‌అప్ రెండూ ఒకే ఐటెంలో పట్టి, ట్రాప్‌లోంచి ఇంటర్ఫేస్ నంబరుని ఐటెం విలువ మీద రెగ్‌సబ్‌తో ట్యాగ్‌గా తీసి, ఆ ట్యాగ్ విలువ కలిస్తేనే ప్రాబ్లం మూసేలా పెట్టాలి. ఇది పెట్టకపోతే 5వ పోర్టు లేచిందన్న ట్రాప్ వచ్చి, ఇంకా పడే ఉన్న 12వ పోర్టు అలర్ట్‌ని మూసేస్తుంది. జాబిక్స్ ట్రాప్ సెటప్‌లు చూసేటప్పుడు మేం ముందు వెతికేది ఈ ట్యాగ్‌నే.

పెట్టె రీస్టార్ట్ అయిందని చెప్పే కోల్డ్‌స్టార్ట్ ట్రాప్‌ని మాత్రం నమ్ముకోవద్దు. స్విచ్ లేవగానే అది పంపేస్తుంది. అప్‌లింకు పోర్టు పాత స్పానింగ్ ట్రీలో (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసే పద్ధతి) ఫార్వర్డింగ్‌కి రావడానికి 30 సెకన్లు పడుతుంది. ట్రాప్ ఆ లోపే గాల్లో కలిసిపోతుంది. రీస్టార్ట్ తెలియాలంటే సిస్‌అప్‌టైం పోలింగ్ చేయాలి. అలాగే ఒకే దారి ఉన్న పెట్టెకి ఆ దారే తెగితే, దాని లింక్‌డౌన్ మనకి ఎప్పటికీ రాదు. రింగ్ లేకపోతే, టెక్కలి, పలాసల మధ్య ఫైబర్ తెగినప్పుడు మాట్లాడేది టెక్కలి పెట్టే. అందుకని ట్రంకు లింకుల ట్రిగ్గర్లు రెండు కొసల మీదా ఉండాలి.

దూరపు కొస, తుపాను కాలం

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. ఈ తీరం మీద నెట్‌వర్క్ నడిపేవాళ్ళు ఫైబర్ గంటల కొద్దీ, ఒక్కోసారి రోజుల కొద్దీ తెగి ఉంటుందనే లెక్కతోనే కట్టుకోవాలి. యూడీపీ ట్రాప్‌కి రసీదు లేదు. దారి లేనప్పుడు పంపింది పోయినట్టే. ఇన్‌ఫార్మ్ (రసీదు కోరే రకం ట్రాప్) అయితే జవాబు వచ్చేదాకా మళ్ళీ పంపుతుంది, అదీ కొన్నిసార్లే. పైగా ఓఎల్‌టీలు, యూపీఎస్ కార్డుల్లో అన్నీ ఇన్‌ఫార్మ్ పంపలేవు.

దీనికి మా సలహా టెక్కలికి ఉత్తరాన ఒక జాబిక్స్ ప్రాక్సీ, అంటే సర్వర్ తరఫున అక్కడే డేటా సేకరించి, దాచి పంపేది. చిన్న పెట్టె, ఎస్‌ఎస్‌డీ, సొంత బ్యాటరీ చాలు. ట్రాప్‌డీ, పెర్ల్ రిసీవర్ ఆ ప్రాక్సీ మీదే వేసి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం పెట్టెలన్నీ దానికే ట్రాప్ పంపేలా పెట్టండి. ఆ హోస్ట్‌లు ఆ ప్రాక్సీ కిందే నమోదై ఉండాలి. శ్రీకాకుళం సర్వర్ కింద నమోదైన హోస్ట్ ట్రాప్ ప్రాక్సీకి వస్తే ఎవరికీ చెందదు. ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్ మామూలుగా 1 గంటే. తుపానుకి అది ఎందుకూ చాలదు, 72 చేయండి. లింకు తిరిగొచ్చాక ఎప్పుడేం పడిందో సమయాలతో సహా సర్వర్‌కి చేరుతుంది. ఏ చోట కరెంటు ముందు పోయింది, ఎక్కడ ఫైబర్ ముందు తెగింది అన్నది అప్పుడే తేలుతుంది. జనరేటర్ ఎక్కడ పెట్టాలో దాన్ని బట్టే నిర్ణయించాలి.

ట్రాప్ ఫైలుని జాబిక్స్ తనంతట తను తిప్పదు (పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టదు), లాగ్‌రొటేట్ పెట్టుకోవాలి. పాత ఫైలుకి ముందు పేరు మార్చి, తర్వాత తీసేయాలి. కాపీ చేసి ఖాళీ చేసే ఆప్షన్ వాడితే ఆ మధ్యలో వచ్చిన ట్రాప్‌లు పోతాయి. 10 ఎంబీ దగ్గర తిప్పడం సరిపోతుంది.

వీ3 వాడేవాళ్ళకి ఒక్క మాట. వీ3లో ప్రతి పెట్టెకీ ఇంజిన్ ఐడీ అనే సొంత గుర్తింపు ఉంటుంది. ట్రాప్‌లో అధికారం (లెక్కలోకి వచ్చే ఐడీ) పంపేవాడిది, ఇన్‌ఫార్మ్‌లో అందుకునేవాడిది. అందుకని వీ3 ట్రాప్‌కి ట్రాప్‌డీలో యూజర్ని సృష్టించేటప్పుడు ఒక్కో పెట్టె ఇంజిన్ ఐడీతో ఒక్కో లైను రాయాలి. వంద పెట్టెలకి వంద లైన్లు. పెట్టె మార్చినప్పుడు ఇంజిన్ ఐడీ మారితే దాని ట్రాప్‌లు ఆగిపోతాయి, లోపం ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పడుతుంది. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలి. బయటి కంపెనీ లింకుల మీద నడిచే బ్రాంచీలకి ఈ శ్రమ తప్పదు. సొంత ఫైబర్ మీద, మేనేజ్‌మెంట్ వీలాన్‌లో, 162 పోర్టుని ఆ వీలాన్‌కి మాత్రమే తెరిచి ఉంచిన చోట వీ2సీ చాలు.

అంతా వేశాక పరీక్ష సర్వర్ మీద నుంచే చేసి సరిపెట్టుకోకండి. ఎస్ఎన్ఎంపీట్రాప్ కమాండ్ సర్వర్లోనే కొడితే ట్రాప్ 127.0.0.1 నుంచి వస్తుంది. ఫైల్లో పడుతుంది గానీ ఏ హోస్ట్‌కీ చేరదు, ఐపీ జత గురించి ఏమీ తెలియదు. ప్రతి రకం పెట్టె దగ్గరా ఖాళీ పోర్టుకి ఒక ప్యాచ్ కార్డు తగిలించి పీకండి. ముందు టీసీపీడంప్‌లో 162 మీద ప్యాకెట్ వచ్చిందా, తర్వాత ట్రాప్ ఫైల్లో పడిందా, ఆపైన లేటెస్ట్ డేటాలో ఆ హోస్ట్ పేరు మీద కనిపించిందా అని ఆ వరసలోనే చూడండి. మొదటి మెట్టులో ఆగితే ఫైర్‌వాల్ గానీ పెట్టె సెట్టింగ్ గానీ. రెండో మెట్టులో ఆగితే కమ్యూనిటీ అనుమతి. మూడో దాంట్లో ఆగితే ఐపీ.